ప్లగ్గు నా గుప్పిట్లోనే ఉంది

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇలాంటివి రాసేవాళ్ళంతా మొదట ఈ మాటే అంటారు కాబట్టి, నా మాటకి ఒక రుజువు చూపించి ముందుకు వెళతాను.

మా నాన్న కురుపాం మార్కెట్ దగ్గర బట్టల కొట్టు పెట్టిన గది అంతకు ముందు మూడేళ్ళు మూతపడి ఉండేదట. అందులో ఎవరో ఆడమనిషి ఉరేసుకుందని చెప్పుకునేవాళ్ళు. మా నాన్న ఆ కథ చెప్పిన ప్రతివాడినీ కూర్చోబెట్టి, టీ తాగించి, గది సొంతదారు ఎదురుగా ఇంకోసారి చెప్పించాడు. అద్దె సగానికి దిగింది. చిన్నప్పుడు నేను ఆ కొట్టులోనే బట్టల బేళ్ళ మీద పడుకుని నిద్రపోయేవాణ్ణి. ఉరేసుకున్నావిడ ఒక్కసారీ రాలేదు. వచ్చి ఉంటే మా నాన్న ఆవిడకో చీర అంటగట్టి పంపేవాడు.

నేను ఆ ఇంటి మనిషిని. ఇప్పుడు చెప్పబోయే దానిలో చచ్చిపోయినవాళ్ళెవరూ మాట్లాడరు. చీకటి కూడా లేదు. ఎనభైల మొదట్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం మూడున్నర దాటాక, వన్‌టౌన్‌లో చర్చి వెనక సందులో, ఐజాక్ మాస్టారి ఇంట్లో జరిగింది. అప్పుడు ఆ గదిలో ఉన్నది నేనూ, మాస్టారూ, రెండు రేడియో సెట్లూ.

బట్టల కొట్టు అన్నయ్యకి పోగా, నేను పక్క సందులో రేడియో విడిభాగాల కొట్టు పెట్టుకున్నాను. వాల్వులు, కండెన్సర్లు, వైర్లు అమ్మేవాణ్ణి. అమ్మేవాడికి వాడకం తెలిస్తే ఇంకో నాలుగు ఎక్కువ అమ్మవచ్చన్న ఆశతో అమెచ్యూర్ రేడియో లైసెన్సుకి చదివాను. ఇంట్లో కూర్చుని సొంత రేడియో మీద, మోర్సు చుక్కలూ గీతలతో, దూరాన ఉన్న సాటి పిచ్చివాళ్ళతో మాట్లాడుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి అది. అమ్మకం పెరగలేదు. పిచ్చి మాత్రం పట్టుకుంది.

నాకు మోర్సు నేర్పింది ఐజాక్ మాస్టారు. ముప్పై ఏళ్ళు ఓడల మీద రేడియో ఆఫీసరుగా చేసి దిగిపోయిన మనిషి. భార్య పోయారు. కూతురు గ్రేస్ సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో నర్సు. తండ్రీ కూతుళ్ళిద్దరే ఆ ఇంట్లో ఉండేవారు. మాస్టారు నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. ఎప్పుడూ "సావుకారూ" అనే.

మా ఇద్దరికీ ఒక తగువు ఉండేది. ఆయనది యుద్ధం నాటి నేవీ సెట్టు, ఎక్కడో వేలంలో కొన్నది. బూడిద రంగు ఇనప పెట్టె, లోపల పధ్నాలుగు వాల్వులు. ఇద్దరు పడితే గాని కదలదు. వేడెక్కడానికి అరగంట పట్టేది. ఆ అరగంటా స్టేషను మెల్లగా పక్కకి జరిగిపోతూ ఉంటే, వేలితో నాబ్ తిప్పుతూ దాని వెంట పడాలి. నాది జపాను సెట్టు. ఒక నావికుడి చేత తెప్పించుకున్నాను. మీట నొక్కగానే పలికేది. పచ్చటి అంకెలు వెలిగేవి. పెట్టిన చోటు నుంచి జరిగేది కాదు.

కాని సెట్టు గుణం కింది బ్యాండ్లలో తెలుస్తుంది. మా లైసెన్సుల్లో బాగా కిందిది ఎనభై మీటర్ల బ్యాండు. దానికంటే దిగువన, మీడియం వేవ్ కూడా దాటాక, ఓడల మోర్సూ విమానాలకి దారి చూపే బీకన్లూ ఉండేవి. అక్కడ మేం వినడమే గాని పలకకూడదు. ఆ కింద అంతా గోల. ఒరిస్సాలో ఉరిమినా మా చెవుల్లో పేలేది. పోర్టులో ఇనప ఖనిజం మోసే బెల్టుల మోటార్లన్నీ అక్కడే గరగరలాడేవి. నా జపాను సెట్టు ఆ కిందికి దిగిందంటే, ఊళ్ళోని రేడియో స్టేషను పాట, ఉండకూడని చోటల్లా, మోర్సు వెనక సన్నగా వినిపించేది. మాస్టారి సెట్టులో లావుపాటి కాయిల్స్ దాటుకుని ఆ పాట లోపలికి వచ్చేది కాదు. ఈ సంగతి నాకు తెలుసు. ఆయన దగ్గర ఒప్పుకోలేదు. మన సరుకు లోపం మనమే చెప్పడం మా వంశంలో లేదు.

"నీ సెట్టు అంకెలు సూపిత్తాది సావుకారూ. నా సెట్టు వినిపిత్తాది. నీకేటి కావాలో నువ్వే సెప్పు" అనేవారు.

"మీ సెట్టు వేడెక్కేలోగా నేను సింగపూర్ వాడితో మాట్లాడేసి, భోజనం కూడా చేసి వస్తాను మాస్టారూ."

"సెయ్యి. నువ్వు తినీసి వొచ్చినాక కూడా నా సెట్టు ఇక్కడే ఉంటాది."

అలా ఏళ్ళు గడిచాయి. ఆ వేసవిలో గ్రేస్ ఒకరోజు నా కొట్టుకి వచ్చింది. క్లినిక్‌కి వెళుతూ దారిలో ఆగింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నయ్యా, నాన్నకి ఓడ వచ్చింది."

ఒక సరుకు ఓడ మీద రేడియో ఆఫీసరుకి జబ్బు చేసిందట. ఆరు నెలలకి మనిషి కావాలని కంపెనీ ఏజెంటు మాస్టారిని అడిగాడు. దిగిపోయిన తర్వాత ఆయన్ని ఎవరైనా ఓడ కోసం పిలవడం అదే మొదటిసారి. ఆయన అప్పుడే పాత తెల్ల యూనిఫారం చాకలికి వేశారట. వైద్య పరీక్ష కూడా అయిపోయింది. చెవి పరీక్షలో డాక్టరు గుసగుసగా అడిగిన మాటకి, ఆయన పెదాలు చూసి జవాబు చెప్పి బయటపడ్డారు.

"మా డాక్టరుగారు చూసేరు. మాటలైతే వినిపిస్తాయంట, సన్నటి మోతలు పోతన్నాయంట. చెవిలో ఊరికే రింగుమనే మోత కూడా ఉందన్నారు. ఆ ఓడలో రేడియోకి నాన్న ఒక్కడే అన్నయ్యా. రేపు ఎవరైనా మునిగిపోతన్నామని కొడితే వినాల్సింది ఈయనే. నాను అడిగితే 'బాగానే వినిపిత్తంది' అంటారు. నిజంగా వింటన్నారో, చెవిలో మోతనే వింటన్నారో నాకేం తెలుస్తాది? నీకు తెలుస్తాది."

"పరీక్ష పెట్టానని తెలిస్తే నన్ను బతకనివ్వరమ్మా."

"సెట్ల పోటీ అని చెప్పు. నువ్వు చెప్పలేని అబద్ధం ఏటుంది అన్నయ్యా."

అది పొగడ్త కాదని తెలుసు. అయినా ఒప్పుకున్నాను.

మా బట్టల కొట్టులో ఒక పద్ధతి ఉండేది. కొనుగోలుదారు మరీ తెలిసినవాడిలా మాట్లాడితే, ఒకసారి చూపించి వద్దనిపించుకున్న తానునే బల్ల కింది నుంచి మళ్ళీ తీసి, ఇది కొత్తగా వచ్చిందండీ అని పరిచేవాళ్ళం. ఆహా ఇదీ బట్టంటే అన్నాడంటే, వాడికి చూపు లేదని తేలిపోయినట్టే. ఇక కత్తెర తియ్యడమే. మాస్టారికి నేను వేసిన ఎత్తు అదే. నాకు వచ్చిన శాస్త్రం అదొక్కటే.

కంచరపాలెం రైల్వే క్వార్టర్లలో మా స్నేహితుడు అప్పలరాజు ఉండేవాడు. రైల్వేలో తంతి కొట్టే ఉద్యోగం, ఇంట్లో మళ్ళీ రేడియో మీద అదే పని. అతను ఎనభై మీటర్ల మీద, శక్తి బాగా తగ్గించి, ఆదివారం మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదేసి నిమిషాలకొకటి చొప్పున ఐదు విడతలు పంపాలి. ఒక్కో విడతలో అర్థం పర్థం లేని యాభై ఇంగ్లీషు అక్షరాలు. అక్షరాలు అతనే ఎంచుకోవాలి, కాగితం మీద రాసి ఉంచుకోవాలి, నాకు కూడా చెప్పకూడదు. ఊహించి రాయడానికి వీలు లేకుండా ఈ ఏర్పాటు. అతనికీ సెట్ల పోటీ అనే చెప్పాను.

ఆ ఆదివారం గ్రేస్‌కి డ్యూటీ. మాస్టారు చర్చికి వేసుకెళ్ళిన చొక్కాతోనే ఉన్నారు. నా సెట్టు వాళ్ళింటికి మోసుకెళ్ళి, రెండు సెట్లనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి మీద దుప్పటి కప్పాను. ఏ సెట్టుదో తెలియకుండా వినాలి, అప్పుడే న్యాయం అన్నాను. ఆయనకి నచ్చింది. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, నాకు వీపు పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నారు. హెడ్‌ఫోన్ల తీగ పొడుగు. దాని ప్లగ్గు నా చేతిలో ఉంది. ఏ సెట్టులో గుచ్చితే ఆ సెట్టు వినిపిస్తుంది.

మొదటి విడత కొత్త సెట్టు. రెండోది పాతది. మూడోది మళ్ళీ కొత్తది. మూడింటిలోనూ ఆయన పడిన అవస్థ వెనక నుంచే తెలిసింది. ముందుకి వంగిపోయారు. చెవుల మీద డిప్పలు రెండు చేతులతో అదుముకున్నారు. రాసి, ఆగి, కొట్టేసి, మళ్ళీ రాశారు. మెడ మీద చెమట పట్టింది.

నాలుగో విడతకి నేను చేసింది వరసగా చెబుతాను, ఎందుకంటే తర్వాత అందరూ అడిగింది ఇదే. రెండు సెట్ల గొంతులూ పూర్తిగా తగ్గించాను. ఏరియల్ తీగని సెట్ల నుంచి ఊడదీసి వెనక కిటికీ ఊచకి చుట్టాను. హెడ్‌ఫోన్ల ప్లగ్గు పీకి ఎడమ గుప్పిట్లో పట్టుకున్నాను. కుడి చేతి గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ నిలబడ్డాను. నిజంగా వినేవాడైతే, ఏటి సావుకారూ, ఏమీ రావట్లేదు అనాలి. నేను ఎదురు చూసింది ఆ మాట కోసమే. అంటారనే ఆశపడ్డాను.

మూడూ నలభై ఐదు అయింది. మాస్టారి పెన్సిలు కదిలింది.

ఈసారి వంగలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. చేతులు డిప్పల మీదికి పోలేదు. ఎదురుగా గోడ మీద రాసి ఉన్నదాన్ని చూసి ఎత్తి రాసుకుంటున్నట్టు, ఆగకుండా, కొట్టివేత లేకుండా రాసుకుపోయారు. నేను గుప్పిట విప్పి చూసుకున్నాను. ప్లగ్గు అక్కడే ఉంది. మళ్ళీ మూశాను.

నాకప్పుడు భయం వెయ్యలేదు. జాలి కూడా వెంటనే రాలేదు. మా కొట్టులో అయితే ఈపాటికి కత్తెర తీసేవాళ్ళం కదా అనుకున్నాను, అంతే.

ఆయన హెడ్‌ఫోన్లు తీసి వెనక్కి తిరిగారు. ముఖం వెలిగిపోతోంది.

"ఇదీ సెట్టంటే! గోల లేదు, గరగర లేదు. పక్కన కూకుని కొట్టినట్టుంది. ఏటిది, నాదేనా?"

"మీదే మాస్టారూ."

"నాను సెప్పలేదేటి! ఇన్నాళ్ళూ ఏటో గొప్ప అంకెలు, అంకెలు అన్నావు."

ఐదో విడత నిజంగా ఆయన సెట్టే పెట్టాను. మళ్ళీ ముందుకి వంగారు. అయిపోయాక విసుక్కున్నారు. "ఇందాకటిలా లేదు. వాల్వేదో అలిసిపోయినట్టుంది."

ఆయన రాసిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, నేను నేరుగా సీతమ్మధార బస్సు ఎక్కాను. అప్పలరాజు కాగితంతో సరిచూడాలన్న ఆలోచనే రాలేదు. సరిచూడడానికి ఏముంది? ఒట్టి తీగలోంచి మోర్సు రాసుకున్న మనిషి ఎన్ని తప్పు రాశాడో లెక్కపెట్టి ఏం చేస్తాను?

క్లినిక్ మెట్ల మీద గ్రేస్‌కి చెప్పాను. "తీగ పీకేశాక కూడా రాశారమ్మా. ఉన్న మోతా లేని మోతా ఆయనకి ఒకటే అయిపోయింది."

"సరే అన్నయ్యా" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమె తండ్రితో చెవుల ఊసు ఎత్తలేదు. నువ్వు వెళ్ళిపోతే నాను ఒక్కదాన్నే ఉండలేను నాన్నా, అని మాత్రం అందట. మర్నాడు పొద్దున్నే ఆయన తనే ఏజెంటు దగ్గరికి వెళ్ళి రానని చెప్పి వచ్చారు. చాకలి దగ్గర్నుంచి వచ్చిన యూనిఫారం తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేశారు.

మంగళవారం అప్పలరాజు కొట్టుకి వచ్చాడు, తన కాగితాలు పట్టుకుని.

"ఏటి బావా, పోటీ ఎవడు గెలిచినాడు? సూద్దాం పట్టు."

బల్ల మీద రెండు వరసలూ పక్కపక్కన పెట్టాం. అతను అక్షరాలు చదువుతుంటే నేను మాస్టారి కాగితం మీద వేలు జరుపుతున్నాను. మొదటి విడతలో యాభైకి ఇరవై ఎనిమిది కుదిరాయి. రెండులో ముప్పై మూడు. మూడులో ముప్పై. చెవులు పోయిన మాట నిజమే. పాత సెట్టుకీ కొత్త సెట్టుకీ తేడా ఆ మూడో ఐదో అక్షరాలే. ఏళ్ళ తరబడి మేం కొట్టుకున్నది దాని కోసం.

"నాలుగోది వద్దులే" అన్నాను.

"ఎందుకు వొద్దు? కొట్టింది నాను కదా. ఎండలో సెమటలు కక్కుకుని కొట్టినాను. సూడు మరి."

చదవడం మొదలుపెట్టాడు. ఐదు అక్షరాలు కుదిరాయి. పది కుదిరాయి. ఇరవై దాటాక నేను వేలు తీసేసి కళ్ళతోనే చూస్తున్నాను. వేలు పెడితే చెరిగిపోతాయేమో అన్నట్టు. ముప్పై మూడో అక్షరం దగ్గర అతను ఆగాడు.

"ఇక్కడ నా సెయ్యి జారింది బావా. కాగితంలో ఎఫ్ ఉంది, ఎల్ కొట్టీసినాను. ఇదిగో సుక్క పెట్టుకున్నాను. మాస్టారు ఏటి రాసినాడు?"

మాస్టారి కాగితంలో ఎల్ ఉంది.

చివరిదాకా చదివాడు. యాభైకి యాభై.

"గట్టోడే" అన్నాడు అప్పలరాజు. "ఏ సెట్టు బావా ఇది?"

చెప్పాను. అతను నా ముఖం చూసి నవ్వాడు. "ఎండ దెబ్బ తగిలింది నీకు. పీకీసినాననుకున్నావు, పీకలేదు. రోజూ వంద ప్లగ్గులు పీకుతావు, ఏది పీకినావో ఏది లేదో నీకేటి గుర్తుంటాది?"

నేనూ అలాగే అనుకోవాలని ప్రయత్నించాను. కాని అదొక్కటే కాదుగదా. గొంతులు తగ్గించాను. ఏరియల్ కిటికీ ఊచకి చుట్టాను. ఐదో విడత కోసం ఆ చుట్లు విప్పుతుంటే ఊచ తుప్పు నా వేళ్ళకి అంటింది. ప్లగ్గుని పిడికిట్లో ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, బస్సులో టిక్కెట్టు తీసుకునేటప్పుడు కూడా అరచేతిలో దాని అచ్చు ఉంది.

హెడ్‌ఫోన్ల తీగే ఏరియల్‌లా పని చేసి ఉంటుందని ఒక ఇంజనీరు అన్నాడు, స్టీల్ ప్లాంటు పనుల మీద ఊళ్ళోకి వచ్చినవాడు. మరో రోజు మాస్టారు బజారుకి వెళ్ళినప్పుడు, అదే కుర్చీలో అవే హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేను కూర్చున్నాను. కంచరపాలెం నుంచి అప్పలరాజు ఈసారి పూర్తి శక్తితో పంపాడు. నాకు వినిపించింది సందులో సైకిలు బెల్లు. నా చెవులు మంచివి. కొట్టు అవతలి చివర ఎవరైనా అబ్బో ఖరీదెక్కువ అని గొణిగినా వినిపిస్తాయి.

ఆ మంగళవారం సాయంత్రమే గ్రేస్‌కి కాగితాలు చూపించాను. తప్పు చెప్పానమ్మా, మాస్టారు విన్నారు అన్నాను. ఆమె కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది.

"సెట్టు ఉన్నప్పుడు ఎన్ని వచ్చాయి అన్నయ్యా?"

"నాలుగింటిలోనూ ముప్పై అటూ ఇటూ."

"యాభైకి?"

"యాభైకి."

"ఓడలో సెట్టు పెట్టుకునే కదా వింటారు" అంది.

ఆయనకి చెప్పొద్దు అంది. సరే అన్నాను. అప్పటికి ఓడకి వేరే మనిషి దొరికాడు కూడా.

తర్వాత రెండేళ్ళూ మాస్టారు ఆ పాత సెట్టుతోనే యుద్ధం చేశారు. ఆ రోజు నాలుగో విడతలో పలికినట్టు మళ్ళీ పలికించాలని. వాల్వులు మార్చారు. కండెన్సర్లు మార్చారు. కాయిల్స్ విప్పి తిరిగి చుట్టారు. సామాను నా కొట్టులోనే కొనేవారు. ఆరోగ్యంగా ఉన్న వాల్వు స్థానంలో మరో ఆరోగ్యమైన వాల్వు అమ్మి, కాగితంలో చుట్టి ఇచ్చేవాణ్ణి. అమ్మకం పెరగాలనే కదా ఈ చదువు చదివింది. పెరిగింది.

ఒకరోజు పొద్దున పదకొండింటికి వచ్చి, స్టూలు మీద కూర్చున్నారు. గొడుగు ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నారు.

"ఇంక దాన్ని విప్పి పారేత్తాను సావుకారూ. అది అప్పుడు పలికింది, నాను సెడగొట్టీసినాను. బాగున్నదాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకున్నాను."

ఆయన చేతుల మీద సోల్డరు కాలిన మచ్చలు ఉన్నాయి. అప్పుడు చెప్పేశాను. దుప్పటి, గుప్పిట, కిటికీ ఊచ, గ్రేస్ అడగడం, నేను క్లినిక్ మెట్ల మీద చెప్పింది, అన్నీ.

తిడతారనుకున్నాను. నాలుగో విడత గురించి ఆశ్చర్యపడతారనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"మిగతా వాటిల్లో ఎన్ని?"

చెప్పాను.

"అందుకా పిల్ల ఒక్కదాన్నే ఉండలేనన్నాది." రోడ్డు వైపు చూస్తూ, "సరే. సరిగ్గానే సేసింది" అన్నారు.

లేచి గొడుగు తీసుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"మరొక్కసారి పెట్టు సావుకారూ. సెట్లు వొద్దు. ఒట్టి హెడ్‌ఫోన్లు. అప్పలరాజుని కొట్టమను. ఆ రోజు నాను విన్నానో లేదో నాకు తెలియాలి కదా. ఇప్పుడు నాకు ఓడేటీ అక్కర్లేదు. ఇది తెలిస్తే సాలు."

ఆదివారం మూడున్నరకి అనుకున్నాం. అప్పలరాజుకి కబురు పెట్టాను.

ఆ ఆదివారం నేను వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేక కాదు. పనీ లేదు. షట్టరు సగం దించుకుని కొట్టులో కూర్చున్నాను. మూడున్నర అయింది, నాలుగు అయింది. లేచి వెళితే పది నిమిషాల నడక. ఒక్క అక్షరమూ రాకపోతే ఆయన ముఖం చూడలేననుకున్నాను. యాభైకి యాభై వస్తే, అప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో అనుకున్నాను. ఇవి తర్వాత కల్పించుకున్న కారణాలు కావచ్చు. అప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు. అలా కూర్చునే ఉన్నాను.

సోమవారం అప్పలరాజు కాగితం తెచ్చాడు. "ఎలాగయింది బావా?"

"నేను వెళ్ళలేదు."

"వెళ్ళలేదా?" కాగితం నా బల్ల మీద పెట్టాడు. "మరి నానెవుడికి కొట్టినాను?"

మాస్టారు తర్వాత కూడా కొట్టుకి వచ్చేవారు. ఎందుకు రాలేదని అడగలేదు. సెట్ల ఊసు ఎత్తలేదు. చేపల ధర, ఎండలు, చర్చిలో కొత్త హార్మోనియం, ఇవే మాట్లాడేవారు. నాలుగేళ్ళకి నిద్రలోనే పోయారు.

సమాధి కార్యక్రమం అయ్యాక గ్రేస్ చెప్పింది. ఆ ఆదివారం ఆమె ఇంట్లోనే ఉందట. నేను రాకపోయినా, ఆయన సరిగ్గా మూడున్నరకి కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. ప్లగ్గు ఒళ్ళో పెట్టుకున్నారు. కాసేపటికి రాయడం మొదలుపెట్టారు. ఎన్ని అక్షరాలు రాశారో ఆమె చూడలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి, ఓడల మీద తిరిగినన్నాళ్ళూ దగ్గరుంచుకున్న సీమాన్ గుర్తింపు పుస్తకంలో దాచుకున్నారు. ఆ కాగితం ఇప్పుడు ఆమె దగ్గర ఉంది. వచ్చి చూసుకో అన్నయ్యా అని రెండుసార్లు చెప్పింది. వచ్చే వారం వస్తానన్నాను, రెండుసార్లూ.

అప్పలరాజు కాగితం నా దగ్గర ఉంది. గ్రేస్ ఇప్పుడు సీతమ్మధారలోనే ఉంటోంది. సిటీ బస్సులో ఇరవై నిమిషాలు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలు జరిపితే రెండు నిమిషాల పని.

మాస్టారు ఆ నాలుగో విడత ఎలా విన్నారో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, వింటాను. ఆ బస్సు నేను ఇన్నేళ్ళుగా ఎందుకు ఎక్కడం లేదో కూడా నాకు తెలియదు. అది మాత్రం ఎవర్నీ అడగలేను.